జేబున్న చీర

మా నరసత్త చీరకి జేబు ఉంది. రవికకి కాదు, చీరకే. కుచ్చిళ్ళు దోపుకునే చోటికి జానెడు కింద, పైన పసుపు అంచుతో, లోపల అస్తరు వేసి మరీ కుట్టిన జేబు. అంతటితో అయిపోలేదు. అదే చీర మీద ఒకచోట చొక్కా బొత్తాలు రెండున్నాయి, అవి ఒకప్పుడు చిలక కళ్ళు. మరోచోట ఎలాస్టిక్కు లాగిపెట్టిన ముడతలు గుండ్రంగా ఉన్నాయి, అది రేడియో మెడ. రేడియోకి మెడేమిటని అడక్కండి, మా ఇంట్లో ఉండేది.

పోయినేడు వేసవిలో బొబ్బిలి వెళ్ళినప్పుడు అత్త ఈ చీరని నా ఒళ్ళో పడేసింది. నరసత్త అంటే మా నాన్నకి అక్క, అప్పలనరసమ్మ. ఎనభై దాటాయి. పళ్ళు సగం లేవు గాని ఆకలికి ఏ లోటూ లేదు. ఆ పూట కళింగపట్నం నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఎండు నెత్తళ్ళ చేపల్ని వంకాయతో కలిపి వండించుకుని, పీట మీద కూర్చుని తింటూ, నా చేత పెట్టె తెరిపించి మూట తీయించింది. విప్పి చూశాను. వంకాయరంగు బరంపురం పట్టుచీర, ముక్కలుగా కోసినదాన్ని ఎవరో మళ్ళీ ఒక్కటిగా అతికారు. కొంగు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేకుండా ఆగిపోయింది.

"నాను పోయినప్పుడు నామీద ఈ సీరే కప్పాల. మాయమ్మ పెళ్ళి సీర. కొడుక్కీ కోడలికీ సెప్పీసినాను," అంది అత్త ముల్లు తీసుకుంటూ. "గాని కొంగు నేదు. కొంగు నేకుండా ఎలగెల్తాను? అక్కడ మాయమ్మ ఎదురొచ్చి, నా కొంగేదే అంటే ఏటి సెప్పాల?"

"కొంగేదత్తా?" అన్నాను నీళ్ళు నములుతూ.

"నన్నడుగుతావేటే సిట్టీ? నీ నడుంకి సుట్టుకుని తిరిగినావు కాదేటి. మీయమ్మకిచ్చి, కొంగు కుట్టి పంపమను. ఆ కూర ఇలాగెట్టు."

పాతికేళ్ళు బడిలో పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినదాన్ని, ఆ కూరగిన్నె పట్టుకుని పదేళ్ళ పిల్లలా నిలబడిపోయాను. ఈ సంగతి అత్తకి తెలియదని నలభై ఏళ్ళకి పైగా మా ఇల్లంతా నమ్ముతూ వచ్చింది. నాన్న ఆ నమ్మకంతోనే పోయాడు. అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది.

ఇది అర్థం కావాలంటే ముందు మా అమ్మ పైడమ్మ గురించి చెప్పాలి. మేము రాజాం దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. నాన్నకి నాలుగెకరాల వరి, కొంచెం మెట్ట. అమ్మకి చేత్తో తిప్పే కుట్టుమిషను. ప్రపంచంలో ఏ వస్తువూ బోసిగా ఉండకూడదని అమ్మ సిద్ధాంతం. మంచినీళ్ళ కూజాకి చొక్కా ఉండేది. బిందెలకి టోపీలు ఉండేవి. రేడియోకి మెడ దగ్గర ఎలాస్టిక్కు పెట్టిన గౌను, కుట్టుమిషనుకి కుచ్చుల పరదా, ఆ పరదాకి దుమ్ము పట్టకుండా పైన ఇంకో గుడ్డ. గోడగడియారానికి కూడా తొడుగు కుట్టింది. టైమెంతయిందని ఎవరైనా అడిగితే నాన్న లేచి వెళ్ళి దాని కుచ్చులెత్తి చూసి చెప్పేవాడు. "నాను కొంచెం సేపు కదలకుండా కూకుంటే నాకూ కుట్టీస్తాది," అనేవాడు. అమ్మ నిజంగానే ఆయన కేసి కొలతగా చూసేది. ఇంట్లో ఎప్పుడూ మిషను నూనె వాసన, గంజి వాసన. రాత్రి మేము పడుకున్నాక కూడా చెయ్యి తిప్పుతున్న చప్పుడు వినబడేది. ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే అతను సైకిలు మీద నెలకోసారి వచ్చేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చిరిగిన చీరలిచ్చి గిన్నెలు తీసుకునేవాళ్ళు. మా అమ్మ గిన్నెలిచ్చి చీరలు తీసుకునేది. అతని మూట విప్పించి, మంచి అంచులున్నవి ఏరుకుని, బదులుగా మా ఇంట్లోంచి ఓ చెంబో, ఓ పళ్ళెమో తెచ్చి అతని బుట్టలో పడేసేది. అతను మొదట్లో తికమకపడ్డాడు గాని, తర్వాత అలవాటుపడి మా ఇంటి ముందు కేకెయ్యకుండానే సైకిలు దిగిపోయేవాడు. ఒకరోజు నాన్న మజ్జిగ అడిగితే అమ్మ గిన్నె మూతలో పోసిచ్చింది. నాన్న మూత వైపు చూశాడు, దాని పక్కనే కొత్తగా గౌను తొడుక్కున్న దీపంబుడ్డి వైపు చూశాడు, తాగేసి పొలానికి వెళ్ళిపోయాడు. ఆయన సహనం ఎంతటిదో నాకు పెళ్ళయ్యాక గాని తెలియలేదు.

అప్పుడే మా నానమ్మ పోయింది. నానమ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. చుట్ట బయటికి తీసి మాట్లాడినప్పుడల్లా నిప్పురవ్వ ఎగిరి చీర మీద పడేది. అందుకే ఆవిడ ప్రతి చీరకీ చిన్న చిన్న కాలిన చిల్లులు ఉండేవి, ఆవిడ పక్కన పడుకుంటే ఆ చిల్లుల్లో వేలు దూర్చి ఆడుకునేదాన్ని. పొగాకు, కలరా ఉండలు, చింతపండు కలిసిన వాసన ఆవిడది. పోయినవాళ్ళ బట్టలు ఏడాది తిరిగేదాకా ఇల్లు దాటకూడదని మా ఇళ్ళల్లో ఆచారం. ఏడాది అయ్యాక మంచి చీర కూతురికి చెందుతుంది. నానమ్మకి వంకాయరంగు పట్టుచీరలు రెండుండేవి. ఒకటి మడత నలగని కొత్తది. రెండోది మడతల దగ్గర చీలిపోయి, చుట్ట చిల్లులు పడినది. అమ్మ కొత్తదాన్ని నాలుగు మడతలు పెట్టి, వదినగారి కోసం కలరా ఉండలేసి పెట్టెలో భద్రంగా దాచింది. చిరిగినదాన్ని మిషను దగ్గరకి తెచ్చుకుంది. ఎవరికైనా అంతేగా అనిపిస్తుంది. బాగున్నది ఇవ్వడానికి, చిరిగినది కొయ్యడానికి.

ఆ చీరలోంచి అమ్మ ఎనిమిది వస్తువులు చేసింది. రేడియోకి కొత్త గౌను, గోడకి తగిలించే జేబులాంటి ఉత్తరాల సంచి, రెండు దిండు గలేబులు, విసనకర్రకి కుచ్చులు, వీధి గుమ్మానికి దూది కూరిన చిలకల తోరణం, బజారు సంచి. కొంగుతో నాకు పరికిణీ. చుట్ట చిల్లు పడిన ప్రతిచోటా దాని మీద పసుపు దారంతో ఓ చిన్న పువ్వు కుట్టింది. ఆ పరికిణీ కట్టుకుని నేను ఊరంతా తిరిగాను, నడిస్తే చాలదని గిర్రున తిరుగుతూ తిరిగాను. నా దగ్గర అంతకుముందు పట్టు అన్నది లేదు.

ఏడాది తిరగబోతుండగా బొబ్బిలి నుంచి ఉత్తరం వచ్చింది. అన్నాలయ్యాక నాన్న పైకి చదివాడు. నరసత్త చెప్పగా ఎవరో రాసిన ఉత్తరం. 'అమ్మ పెళ్ళి చీర నాకు ఉంచండి. చిరిగిపోయినదే. కొత్తది నాకొద్దు, అది పైడమ్మనే కట్టుకోమనండి. అమ్మ ఆ పాత చీర కట్టుకుని నన్ను ఒళ్ళో పెట్టుకునేది. వచ్చే లక్ష్మివారం వచ్చి తీసుకెళ్తాను.' నాన్న చదివి, మడిచి, అలవాటు ప్రకారం లేచి వెళ్ళి ఆ ఉత్తరాన్ని ఉత్తరాల సంచిలో పెట్టాడు. పెట్టాక ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా తల తిప్పి రేడియోని చూశాడు. తర్వాత గుమ్మాన్ని. తర్వాత నన్ను.

"ఉన్నదున్నట్టు సెప్పీ," అన్నాడు అమ్మతో.

"ఏటని సెప్పను? మీయమ్మ పెళ్ళి సీర కోసి సిలకలు సేసినానని సెప్పనా?" అంది అమ్మ. "అత్తగారి పెళ్ళి సీర కోసిన కోడలంటారు. ఈ ఊళ్ళో ఒక పేరు పెట్టినారంటే సచ్చినా పోదు. ఒదిన మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాదేటి?"

అమ్మ భయం వట్టిది కాదు. నరసత్త నోరు పెద్దది. అప్పటిదాకా అమ్మ చేసిన పని ఒక్కటైనా ఆవిడ మెచ్చుకుని ఎరగదు. అన్నీ దాచేద్దామని అనుకున్నారు. లక్ష్మివారం ఇంకా రెండు రోజులుందని నింపాదిగా ఉన్నారు. అత్త మంగళవారం మధ్యాహ్నమే బస్సు దిగింది. చిలకలన్నీ గుమ్మానికి వేలాడుతూ ఆవిడకి స్వాగతం చెప్పాయి.

అమ్మ నన్ను వంటింట్లోకి నెట్టి, పరికిణీ విప్పమంది. నేను విప్పనన్నాను. గొడవపడితే బయటికి వినబడుతుందని, దాని మీదే నా బడి లంగా తొడిగేసింది. మండువేసవిలో రెండు లంగాలతో నేను బయటికొచ్చేసరికి అత్త ఉత్తరాల సంచి ముందు నిలబడి, దాని మీది పసుపు పువ్వుని బొటనవేలితో నిమురుతోంది. చాలాసేపు నిమిరింది. నాన్న గడియారం కుచ్చులెత్తి టైము చూశాడు. ఎవరూ అడగలేదు.

"ఇదేటే పైడీ, బాగున్నాది," అంది అత్త చివరికి. "నానట్టుకెల్తాను."

ఆడపడుచు పుట్టింట్లో నోరు తెరిచి ఏదైనా అడిగితే లేదనకూడదు. అమ్మ సంచి దించి, ఉత్తరాలు తీసేసి ఇచ్చేసింది. సాయంత్రం అత్త రేడియో కేసి చూసి, "మా రేడియోకి ఒంటిమీద ఏటీ నేదు, సలేస్తాది," అంది. గౌను ఇచ్చేశారు. రాత్రి ఆ గలేబుల మీద పడుకుంది, తెల్లారి "మంచి నిద్రట్టినాది" అని వాటినీ తీసుకుంది. విసనకర్రతో విసురుకుంటూ, విసురుకుంటూనే దాన్ని పెట్టెలో పెట్టుకుంది. మూడోరోజు ముక్కాలిపీట ఎక్కి తోరణాన్ని స్వయంగా విప్పింది. "ఈ సిలకలు మాత్రం శానా బాగున్నాయే పైడీ," అంది. అన్నీ పెట్టుకోడానికి బజారు సంచి కూడా అడిగింది. నానమ్మ చీర సంగతి ఎత్తనే లేదు. అమ్మ తానే పెట్టెలోంచి కొత్త చీర తీసి చేతిలో పెట్టబోతే, "నువ్వే కట్టుకో" అని నెట్టేసింది.

అమ్మ ముఖం చూడాలి. దొరికిపోలేదన్న ఊరట ఒకవైపు, అంతకు పదింతలు గర్వం మరోవైపు. ఏనాడూ మెచ్చని వదిన తన చేతిపనిని ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చుకుపోతోంది. "ఒదినకి నా కుట్టు నచ్చినాది," అని నాన్నతో గుసగుసలాడింది. నేను మాత్రం ఒక్కొక్కటే వెళ్ళిపోవడం చూసి, పరికిణీ విప్పితే దాన్నీ ఇచ్చేస్తారని, మూడురోజులూ రెండు లంగాలతోనే తిన్నాను, పడుకున్నాను. చెమటకి నడుం చుట్టూ పేలింది. "ఈ పిల్ల నడుంకాడ ఒళ్ళు సేసినాది," అని అత్త నన్ను గిల్లింది కూడా. బస్సెక్కే ముందు వెనక్కి తిరిగి, "దాని కింద అంచు కనబడతన్నాది, సర్దు," అని చెప్పి ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగేదాకా అమ్మ అక్కణ్ణుంచి కదలలేదు. తర్వాత ఇంటికొచ్చి ఆనందం పట్టలేక కొత్త చిలకలు మొదలుపెట్టింది.

ఆనాటి నుంచి ఆ మెప్పే అమ్మకి ఆధారం. నాన్న పోయాక అమ్మ విజయనగరంలో నా దగ్గరకి వచ్చేసింది. ఇప్పుడు మా ఫ్లాటులో మిక్సీకి పరదా, ఏసీ రిమోటుకి చొక్కా, నా ఫోనుకి బొత్తాం పెట్టిన సంచి. ఫోను మోగితే ఆ బొత్తాం విప్పేలోపల ఆగిపోతుంది. ఎవరైనా నవ్వితే, "మా ఒదినంతటి మనిషే అడిగి అట్టుకెల్లినాది," అంటుంది. మా అమ్మాయి ఆ మధ్య ఊళ్ళో ఎగ్జిబిషన్‌లో ఒక ముక్కల దిండు కొనుక్కొచ్చింది. ఒక్కొక్కటీ ఒక్కో రంగు, ఎవరి చీరలోవో తెలియదు. ప్యాచ్‌వర్కు అంటారట, పాత గుడ్డలతో చేసినట్టు కనబడేలా కొత్త గుడ్డతో చేస్తారట. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఎవరూ కట్టుకోని గుడ్డ కోసినారు, పాపం," అంది. అప్పట్లో మా ఇంట్లో ఏ ముక్క చూసినా అది ఎవరిదో, ఎప్పుడు కట్టుకున్నారో చెప్పేవాళ్ళం. ఆ సంగతే మమ్మల్ని పట్టించింది కూడా.

బొబ్బిలి నుంచి తెచ్చిన మూట అమ్మ ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. రేడియో మెడని గుర్తుపట్టింది. చిలక కళ్ళని గుర్తుపట్టింది. పువ్వుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. అత్తగారి పెళ్ళి చీర కోసినందుకు ఏడుస్తుందేమోనని నేను నీళ్ళ గ్లాసుతో సిద్ధంగా ఉన్నాను.

"అయితే ఒదినకి నా కుట్టు నచ్చి అట్టుకెల్లనేదన్నమాట," అంది అమ్మ.

రెండు రోజులు మిషను ముట్టలేదు. మూడోరోజు పొద్దున్నే తాను పడుకునే బొంతని బాల్కనీలోకి ఈడ్చి, బ్లేడు పెట్టి కుట్లు విప్పడం మొదలెట్టింది. ఒక పొర నాన్న పంచె, ఒక పొర నా పెళ్ళినాటి దుప్పటి. మధ్య పొరలో నా పరికిణీ. నేను ఎదిగిపోయాక దాన్ని విప్పి, పరిచి, బొంత లోపల పెట్టి కుట్టేసిందట. ఎండ తగలని ముక్క, నిన్ననే నేసినట్టు నిగనిగలాడుతోంది. అన్నేళ్ళూ ఆ కొంగు మీదే పడుకుందన్నమాట. ఆ రోజు అమ్మే ఫోను తెమ్మంది. నేను బొత్తాం విప్పి, నంబరు కలిపి, స్పీకరు పెట్టాను.

"ఒదినా, కొంగు దొరికినాది."

"దొరకడమేటే, నువ్వు కోసినదే కదా," అంది అత్త గొంతు.

అమ్మ పరికిణీ ముక్కని ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత అడిగింది. "అప్పుడు బాగున్నాదని అన్నావు. అదబద్దమేటి?"

"ఓలమ్మ, నలబయ్యేళ్ళ తరవాత ఇదేటి పేసీ? పువ్వు సూడగానే దాని కింద ఏటున్నాదో తెలిసిపోనాది. నిన్ను కడిగీదామనే నోరు తెరిసినాను. గాని మాయమ్మ సిల్లు మీద అంత బాగా పువ్వు కుట్టినావు, నోరు రానేదు." అత్త ఓసారి దగ్గింది. "ఇంటికొచ్చి అన్నీ ఇప్పీసి మళ్ళీ సీర సేసినాను. ఆ ఉత్తరాల సంచి జేబు మాత్రం ఇప్పడానికి సెయ్యి రానేదు. అబద్దమైతే జేబెందుకు ఒగ్గీసినాను?"

అమ్మ ముఖం విచ్చుకోవడం నేను చూశాను. నలభై ఏళ్ళ కిందట బస్సు మలుపు తిరిగాక ఉన్న ముఖమే. వెంటనే బింకం కూడా వచ్చేసింది. "నీ కుట్టేటి ఒదినా, కుందేలు గెంతినట్టున్నాది. ఇదంతా ఇప్పి, నాను మళ్ళీ కుట్టి పంపుతాను."

"నిదానంగా కుట్టు. నాకేటి తొందర," అంది అత్త.

అది జరిగి ఏడాది దాటింది. ప్రతి ఆదివారం ఫోను వస్తుంది. "ఎంతవరకొచ్చినాదే?" "రేడియో కాడున్నాను ఒదినా." మరో నెలకి, "సిలకల కాడున్నాను." ఆ తర్వాత నెలకి మళ్ళీ రేడియో దగ్గరే. కళ్ళు కనబడక ఆలస్యమవుతోందనుకుని, నేనే దర్జీకి ఇస్తానన్నాను. అమ్మ నా మీద కసిరింది. మొన్న మధ్యాహ్నం గదిలోకి వెళ్ళేసరికి చీర పూర్తయింది. కొంగు అతికింది, వెలిసిన ఒంటికి నిగనిగలాడే కొంగు. అమ్మ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూసింది. జేబు దగ్గర కాసేపు ఆగింది. నేనూ చూశాను, ఒక్క కుట్టు కూడా తప్పలేదు. తర్వాత అమ్మ చీరని ఒళ్ళో వేసుకుని, బ్లేడు తీసి, కొంగు దగ్గర నుంచి విప్పడం మొదలుపెట్టింది.

ఆ చీర చేతికందితే వదిన బయలుదేరిపోతుందని అమ్మ భయం. ఏడాదిగా ఆదివారాల్లో ఫోను మోగినప్పుడల్లా నాకు అర్థం కావలసింది, అప్పటికి అయింది.

"బాగానే కుట్టావు కదమ్మా," అన్నాను.

"వంకరొచ్చినాది. నీకు కనబడదు," అంది తలెత్తకుండా.

నేను ఎదురుగా కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాను.